కరువు ఏడాది లెక్కతో మూడెకరాల ఇల్లూ పొలమూ: సమగ్ర మార్గదర్శి

పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో రెండు మూడెకరాలుంటే అక్కడే ఇల్లు కట్టుకుని మన తిండి మనమే పండించుకుందాం అనుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఏటా ముదిరే ఎండలు, ట్యాంకర్ నీళ్ల టెన్షన్, కూరగాయల ధరలు, కారణం ఏదైనా ఆలోచన మంచిదే. వచ్చిన చిక్కల్లా వరుసతోనే. ముందు ఇంటి ప్లాన్ గీయిస్తారు, తర్వాత బోరు వేయిస్తారు, ఆ ఉత్సాహంలోనే ఆవును కొంటారు. రెండో ఎండాకాలానికి బోరు ఎండిపోయి, ఆవును అమ్మేసి, ఇంటికి తాళం వేసి వెళ్లిపోతారు. నీళ్లు, కంచె, చెట్లు, నేల, పంట, పశువు, ఆఖరున ఇల్లు. నేను చెప్పేది ఈ వరుస.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ఎర్రనేలల్లో మూడెకరాలు, నలుగురున్న కుటుంబం. ఈ మార్గదర్శిలోని లెక్కలన్నీ దీనికే. కోస్తా నల్లరేగడిలో అయితే కందకాల కొలతలు, పంటలు మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే.

ముందుగా ఒక అంకె: 300

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. చాలామంది ఈ సగటు మీదే ప్లాన్ వేసుకుంటారు. కానీ సగటు వాన పడే ఏడాది ఎప్పుడో గాని రాదు. ఒక ఏడు కుమ్మేస్తుంది, మరో ఏడు ముఖం చాటేస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుకోగలదు. అందుకే కురిస్తే ఒక్కసారిగా దంచుతుంది, రెండు వానల మధ్య ఎడం పెరుగుతుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. కరువు సీమ అని పేరున్న చోటే ఇదంతా జరిగింది.

అందుకని రెండు కొలతలు పెట్టుకోండి. తిండి, నీళ్లు, మేత లెక్కలకు 300 మిల్లీమీటర్లే పడే ఏడాదిని తీసుకోండి. ఇంటి స్థలం, కట్టలు, కాలవల విషయంలో మాత్రం ఒక్కరాత్రిలో 150 మిల్లీమీటర్లు పడితే ఏమవుతుందో చూసుకోండి. మధ్యలో ఉన్న ఏడాది వస్తే అది లాభం.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మూడెకరాలంటే 12,140 చదరపు మీటర్లు. 300 మిల్లీమీటర్ల ఏడాదిలో కూడా మీ నేల మీద 36 లక్షల లీటర్లు పడతాయి. వాన లేదు అని మనం అనేది ఆ 36 లక్షల లీటర్లనే.

భూమి చూసేటప్పుడు

కొనబోయేవాళ్లకు కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. అడంగల్ (ఎవరి సాగులో ఉందో చెప్పేది), 1బి (ఎవరి పేరున ఉందో చెప్పేది), ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా) చూసుకోవాలి. రీ-సర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుతో పాటు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కూడా కావాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ఈ జిల్లాల్లో డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చినవి, చాలా ఉన్నాయి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వీటి అమ్మకాన్ని నిషేధించింది, తర్వాతి సవరణల్లో కొన్నిటికి సడలింపు వచ్చింది. మీరు చూస్తున్న భూమి ఏ కోవలోకి వస్తుందో వకీలును అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. బండి దారి నోటిమాటగా కాదు, దస్తావేజులోనే ఉండాలి.

కాగితం చెప్పని సంగతులు నేలను చూసి తెలుసుకోవాలి. ఎండాకాలంలో చూసి కొనకండి. కుదిరితే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోయాయో చెత్తా, ఒండ్రు గీతలు గీసి మరీ చూపిస్తాయి. పక్క పొలంలోని పెద్దాయన్ని ఒక్క ప్రశ్న అడగండి: "పెద్ద వాన వచ్చినప్పుడు వంక నీళ్లు ఎంతదాకా ఎక్కాయి తాతా?" ఎవరో చదును చేసి దున్నేసిన పాత వంక కూడా ఆయనకు గుర్తుంటుంది, మ్యాపులో దొరక్కపోవచ్చు.

మూడు చోట్ల మూడడుగుల గుంత తవ్వి చూడండి. ఇక్కడ అడుగున్నర, రెండడుగులకే గరుసు (గులకలాంటి గట్టి పొర) తగలడం మామూలే. అంతకంటే ముందే బండ తగిలితే పండ్ల తోట ఆశ తగ్గించుకోవాలి. మట్టి పరీక్షకు ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున ఇంగ్లిష్ వి ఆకారంలో తవ్వి మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తేవాలి. ఆ పొట్లాన్ని రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. పాత బోరు ఉంటే ఫ్లోరైడ్ పరీక్ష తప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. ఎంత నీళ్లు పడే బోరైనా సరే.

నీళ్లు: కందకం, కుంట, సంపు

ముందు వాడకం లెక్క. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు. స్నానాలు, బట్టలు, గిన్నెలకు 250. రెండు ఆవులకు ఎండాకాలంలో 100. ఐదు సెంట్ల కూరగాయల పెరడుకు 600, చిన్న పండ్ల మొక్కలకు 100. స్నానాల నీళ్లు పెరట్లోకి మళ్లిస్తే కొంత కలిసొస్తుంది. మొత్తం మీద రోజుకు వెయ్యి లీటర్లు. నవంబరు మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఏడు నెలలు వానను నమ్ముకోకూడదు. ఆ 210 రోజులకు రెండు లక్షల పది వేల లీటర్లు కావాలి.

ఈ నీళ్లను మూడు చోట్ల దాచాలి. మొదటి చోటు నేలే. దీనికి ట్యాంకు అక్కర్లేదు, వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే చాలు.

అడ్డం అంటే కంటి అంచనా కాదు, సమతల రేఖ. అది తెలియాలంటే ఏ-ఫ్రేమ్ కావాలి, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని పై కొసలు కలిపి కట్టండి. కింది కొసలు ఆరడుగుల ఎడంగా ఉండాలి. నడుమ అడ్డంగా ఇంకో కర్ర బిగించండి. పై కొస నుంచి దారం కట్టి, అడ్డకర్ర కిందికి దిగేలా రాయి వేలాడదీయండి. ఒకచోట నిలబెట్టి, రెండు కాళ్లున్న చోట నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత గీయండి. ఇప్పుడు ఫ్రేమును తిప్పి, ఎడమకాలు గుర్తులో కుడికాలు, కుడికాలు గుర్తులో ఎడమకాలు పెట్టి మళ్లీ గీయండి. ఈ రెండు గీతలకు సరిగ్గా నడిమధ్యన మూడో గీత గీస్తే పరికరం తయారు. పొలంలో ఒక గట్టు నుంచి మొదలుపెట్టి, దారం ఆ నడిమి గీత మీదికి వచ్చేలా ఒక్కో కాలూ తిప్పుకుంటూ పోవాలి, ప్రతి కాలు దగ్గరా సున్నం చల్లాలి. గాలి వీచే వేళ ఈ పని పెట్టుకోకండి, రాయి ఊగుతూనే ఉంటుంది. తెల్లవారుజాము మేలు.

సున్నం గీత వెంట మీటరు వెడల్పు, మీటరు లోతు కందకం తవ్వించండి. గరుసు పైపైనే ఉంటే రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు చేసుకోవచ్చు. 25 మీటర్లకు ఒకసారి కొంత తవ్వకుండా వదిలేయాలి, లేకపోతే ఒకచోట తెగితే మొత్తం నీళ్లు అటే పరుగెడతాయి. వరుసకూ వరుసకూ మధ్య 50 మీటర్లు. మూడెకరాలకు రెండు మూడు వరుసలు పడతాయి. నూరు మీటర్ల వరుస ఒకసారి నిండితే 80 వేల లీటర్ల పైమాటే. తీసిన మట్టి దిగువ వైపే వేసి కట్టలా చేయండి. ఎగువ వైపు వేస్తే తొలి వానకే కందకంలోకి వచ్చి పడుతుంది. పనివాళ్లు తేలిక అనిపించిన వైపు వేసేస్తారు, దగ్గరుండి చూసుకోవాలి.

రెండో చోటు కుంట. ఉపాధి హామీ కింద ఈ జిల్లాల్లో వేల ఫాంపాండ్లు తవ్వారు. చాలావాటిలో డిసెంబరుకే చుక్క నీరుండదు. నేలలోకి ఇంకే నీళ్లు ఇంకిపోతే, మిగిలింది ఎండ తాగేస్తుంది. మన కుంట పైన 15 మీటర్లు × 15 మీటర్లు, అడుగున 9 × 9, లోతు 3 మీటర్లు అనుకుందాం. పట్టేది 4 లక్షల 40 వేల లీటర్లు. 300 మిల్లీమీటర్ల ఏడాదిలో మూడెకరాల మీద పడిన నీటిలో ఎనిమిదో వంతు పారి వచ్చినా నిండుతుంది. ఇంకిపోకుండా 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిచినా ఆవిరి ఆగదు. ఇక్కడ తెరిచి ఉన్న నీటి నుంచి ఏడాదికి రెండు మీటర్ల దాకా ఆవిరైపోతుంది. ఏడు నెలల్లో మన కుంట మీది నుంచి పోయేది దాదాపు 2 లక్షల 30 వేల లీటర్లు. అంటే సగం నీళ్లు ఆకాశానివి, సగం మనవి. 4.4 లక్షల నుంచి అది తీసేస్తే మనకు కావలసిన రెండు లక్షల పది వేలు సరిగ్గా మిగులుతాయి, అంతకు మించి ఒక బిందె కూడా ఉండదు. అందుకే కుంట వెడల్పు పెంచడం కంటే లోతు పెంచడం మేలు. పడమటి గట్టు మీద గ్లిరిసిడియా, వావిలి పెంచితే గాలి తగ్గుతుంది. ఖర్చు భరించగలిగితే తీగల మీద షేడ్‌నెట్ వేయండి. నీళ్లు లోపలికి వచ్చే చోట చిన్న గుంత ఉంటే ఒండ్రు అందులోనే ఆగుతుంది.

ఇంకో మాట. షీటు పరిచిన కుంట గట్టు జారుడుబల్ల. లోపల పడితే ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేరు. పిల్లలు, మేకలు ఇలాగే పోయిన ఉదంతాలు ప్రతి ఏడూ పేపర్లో వస్తుంటాయి. కుంట చుట్టూ కంచె, రెండు వైపులా ముడులు వేసిన లావు మోకు గట్టు పైన గూటానికి కట్టి నీళ్లలోకి వేలాడదీయడం, ఈ రెండూ షీటు పరిచిన రోజే జరిగిపోవాలి.

మూడోది సంపు, తాగే నీళ్లకు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 300 మిల్లీమీటర్లు పడితే, అయిదో వంతు నష్టం పోగా 24 వేల లీటర్లు దిగుతాయి. నలుగురికి ఏడాది పొడవునా తాగడానికి, వంటకు కావలసింది 7,300 లీటర్లు. పదివేల లీటర్ల సంపు చాలు. తొలి వాన నీళ్లు మిద్దె కడిగిన నీళ్లు, కనీసం మొదటి 200 లీటర్లు బయటికి పోయేలా పైపుకు ఒక మూత పెట్టండి. తర్వాత గులకరాళ్లు, బొగ్గు, ఇసుక ఫిల్టరు. సంపులోకి వెలుతురు పోకూడదు. మరగబెట్టుకుని తాగండి.

మరి బోరు? ఉంటే ఉండనివ్వండి, అత్యవసరానికి. కొత్తది వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. బోరును ప్లాన్‌కు పునాదిగా పెట్టుకోవద్దు.

కంచె, చెట్లు

ఈ సీమలో మొదటి శత్రువు అడవి పంది. జింకలు, నెమళ్లు ఆ తర్వాత. కంచె లేకుండా వేసిన వేరుశనగ పంది కోసం వేసినట్టే. కరెంటు తీగలు పెట్టడం నేరం, మనుషులు చచ్చిపోతారు. రాతి కూసాలు, ముళ్లతీగ ముందు వేసుకుని, లోపలి వైపు వాక్కాయ, గచ్చ, కిత్తనార ఒత్తుగా నాటండి. మూడు నాలుగేళ్లకు తీగ కంటే అదే గట్టి కంచె. వాక్కాయ పప్పులోకి, పచ్చడికి పనికొస్తుంది. కంచె వెంట లోపలి వైపు పదడుగుల మేర ఫిబ్రవరికల్లా గడ్డి లేకుండా చేసుకోవాలి. ఎండాకాలంలో పక్క బీట్లో ఎవరో పారేసిన బీడీతో మంట మీ దాకా రావచ్చు.

కందకం కట్టల మీద మునగ, సీతాఫలం, ఉసిరి, రేగు, నేరేడు, చింత. నీళ్లు తక్కువైనా బతికే చెట్లు ఇవే. మామిడి, సపోటా, జామ నాలుగైదు చొప్పున చాలు, అవి కూడా దిగువ కందకం కింద. పచ్చిరొట్టకు, మేతకు గ్లిరిసిడియా, అవిసె. గట్ల మీద వేప, కానుగ. తొలకరి పదునుకు (నేల చాలినంత తడిసినప్పుడు) నాటి, మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి 20 లీటర్లు పోసి, చెట్టు మొదలు దగ్గర నాలుగంగుళాల మందాన ఆకూ చెత్తా కప్పి ఉంచితే బతుకుతాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో బీడుగా కొన్న ముప్పై రెండెకరాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఒకసారి చూసి రండి. అక్కడ నాటిన చెట్ల కంటే, మేపకుండా, నరకకుండా కాపాడితే తమంతట తామే వచ్చిన చెట్ల గురించి అడగండి. మీ పొలంలోనూ పాత మొద్దులుంటే పెకలించకండి.

నేల

ఎర్రనేల బలహీనత సేంద్రియ పదార్థం లేకపోవడం. రెండు వానలకే పైన పెచ్చు కడుతుంది. మందు ఒకటే, ఏడాదిలో వీలైనన్ని రోజులు నేల మీద ఏదో ఒక ఆకు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు తొలకరికి ముందే, ఏప్రిల్, మే నెలల్లో, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు. జొన్న, సద్ద, అలసంద, పెసర, అనుము, ఆముదం, నువ్వు, జనుము, ఇలా ఎన్ని రకాలుంటే అంత మంచిది. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి ఆరబెట్టిన ఎరువు), బూడిద పట్టించి గుళికలు చేస్తారు. చీమలు ఎత్తుకుపోవు, చిన్న చినుకుకు మోసపోయి మొలవవు. మొలిచిన దాన్ని కొంత మేతకు కోసుకుని, మిగతాది అక్కడే పడేసి ప్రధాన పంట వేస్తారు. మొదటి ఏడు సగం పొలంలోనే చేసి చూడండి.

జీవామృతం అంటే పేడతో పులియబెట్టే ద్రవ ఎరువు. దాని కొలతలు: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో 48 గంటలు, పూటకోసారి కలుపుతూ. ఎకరాకు ఇది సరిపోతుంది. చెత్త కప్పకుండా జీవామృతం మాత్రమే పోస్తూ అద్భుతాలు ఆశించొద్దు.

తిండి లెక్క

మూడువందల సెంట్లను నేను ఇలా పంచుతాను. ఇల్లు, పాక, కల్లం 10. కుంట, గట్లు 10. పెరడు 5. పండ్ల చెట్లు 50. చిరుధాన్యాలు, పప్పులు 100. వేరుశనగ, కంది 60. మేత 40. కందకాలు, దారి, కంచె 25.

నలుగురికి రోజుకు కిలోన్నర గింజలనుకుంటే ఏడాదికి 550 కిలోలు. ఎకరా చిరుధాన్యం వర్షాధారంగా మంచి ఏడాదిలో ఆరు క్వింటాళ్లు ఇస్తుంది, చెడ్డ ఏడాదిలో మూడే. పైగా కొర్రలో పొట్టు పోతే మిగిలేది మూడింట రెండు వంతులు. కాబట్టి ఏ ఏటి తిండి ఆ ఏడే పండుతుందనే మాట మర్చిపోండి. మంచి ఏడాది మిగులు చెడ్డ ఏడాదికి దాచడం ఒక్కటే దారి. అప్పుడు కూడా రేషన్ బియ్యమో, అంగడి బియ్యమో కొంత కలుస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు. కొర్రలు పొట్టుతో ఉంటే ఏళ్ల తరబడి చెడవు, పురుగు పట్టదు. కరువు సీమ పెద్దలు పాతరల్లో దాచింది ఇలాంటి గింజలనే.

అయితే పొట్టు తీసే మిల్లు దగ్గర్లో ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే కొర్ర తగ్గించి జొన్న, సద్ద పెంచండి, పిండి పట్టిస్తే చాలు. కుంట కింద నెమ్ము నిలిచే పది సెంట్లలో రాగి వేస్తే సంగటికి దారి దొరుకుతుంది. కొర్రలో నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది 70, 75 రోజుల్లో చేతికొస్తుంది. వాన ఆలస్యమైన ఏడాది ఆదుకునేది ఇలాంటి రకమే.

వేరుశనగను తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. జిల్లా అంతా అదొక్కటే వేసి నష్టపోయిన మాట నిజం. కానీ ఇంటి నూనెకు, పశువు మేతకు దాన్ని మించింది లేదు. అరవై సెంట్లలో మామూలు ఏడాదిలో రెండున్నర క్వింటాళ్ల కాయ వస్తుంది. వంద కిలోల కాయ వలిస్తే 70 కిలోల గింజ, గానుగ ఆడిస్తే 30 లీటర్లకు అటూ ఇటూ నూనె. నెలకు రెండున్నర లీటర్లు వాడే ఇంటికి ఏడాదంతా సరిపోతుంది. నూనె తీయగా మిగిలిన చెక్క ఆవుకు. మళ్లీ ఏడాది విత్తనానికి 60 కిలోల కాయ పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోకూడదు. మిగిలింది చట్నీలకు, ఉండలకు. వాన ఎగ్గొట్టి కాయ ఊరకపోయినా కట్టె (ఎండిన మొక్క) మేతకు దక్కుతుంది. కదిరి పరిశోధన స్థానం రకాల్లో కదిరి-6, కదిరి లేపాక్షి ఊళ్లలో దొరుకుతాయి. ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక కంది సాలు, గట్ల వెంబడి ఆముదం. ఇంటికి ఏడాదికి 50, 60 కిలోల పప్పు కావాలి. కంది, ఉలవ, అలసంద, అనుము కలిపి చూస్తే అందుతుంది.

విత్తే తేదీ ముందే రాసి పెట్టుకోకండి, పదునును బట్టి పోవాలి. జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా పదునైతే వేరుశనగ, కంది. ఆగస్టు వచ్చేస్తే వేరుశనగ విత్తనం మూట విప్పకుండా కొర్ర, సద్ద, అలసంద వైపు తిరగండి. సెప్టెంబరుకు ఉలవ. అప్పుడు కూడా వాన లేకపోతే ఆ పొలం ఆ ఏటికి పశువులదే. విత్తనం అన్ని రకాలదీ ఇంట్లో సిద్ధంగా ఉండాలన్నదే ఇందులో అసలు సంగతి. వాన పడ్డాక విత్తనం కోసం టౌనుకు పరుగెత్తేవాడికి పదును దొరకదు.

దాచే పద్ధతులు మీ ఊరి అవ్వలకు తెలిసే ఉంటాయి. కంది విత్తనానికి చిక్కటి ఎర్రమట్టి నీళ్లు పట్టించి, నాలుగు ఎండలు ఎండబెట్టి, కుండలో బూడిద పరిచి పోసి మూతికి మట్టి మెత్తుతారు. పప్పులకు ఆముదం రాసి, వేపాకు వేస్తారు. అలసంద పెసరలకు పురుగు తొందరగా పడుతుంది, వాటిని ముందు తినేయాలి.

పెరడు ఇంటి వెనకే, స్నానాల గది నీళ్లు పారే చోట ఉండాలి. ఎండాకాలంలో వంగ, బెండ, గోరుచిక్కుడు వేయండి. ఆకుకూరల్లో పాలకూర కంటే తోటకూర, మునగాకు, కరివేపాకు మేలు. ఏప్రిల్, మే నెలల్లో పెరడు పైన షేడ్‌నెట్ లేకపోతే పూత నిలవదు.

పశువులు ఎప్పుడు, ఎన్ని

మొదటి రెండేళ్లు ఆవులు వద్దు. కోళ్లతో మొదలుపెట్టండి, ఐదారు నాటు కోళ్లు, ఒక పుంజు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెరట్లో బాగానే పెరుగుతాయి, కానీ పొదగవు. ఏటా పిల్లలు కొనాలి. అందుకే నాటు కోడి ఒకటైనా ఉండాలి.

ఒక ఆవుకు ఎండుమేత రోజుకు ఐదారు కిలోలు, అంటే ఏడాదికి రెండు టన్నులు. వేరుశనగ కట్టె, జొన్న చొప్ప వామిలో అంత ఉందని చూసుకున్నాకే ఆవు. కరువులో మేత ధర చుక్కలనంటుతుంది, పశువు ధర పడిపోతుంది. అప్పుడు అమ్మాల్సి వస్తే రెండు వైపులా నష్టం. చిన్న దేశీ ఆవులు రెండు చాలు. వాటి పేడ రోజుకు 20 కిలోలు. ఒక ఘనమీటరు గోబర్ గ్యాస్ ప్లాంటుకు 25 కిలోలు కావాలి. కాబట్టి వంట మొత్తం దాని మీదే నడవదు, మిగతాదానికి సిలిండర్ ఉంచుకోండి.

ఇల్లు, కరెంటు

అప్పటిదాకా ఒక రేకుల గది, లేదా ఊళ్లో అద్దె ఇల్లు. రెండు వానాకాలాలు పొలం చూశాక ఇల్లు ఎక్కడ కట్టాలో పొలమే చెప్తుంది. వంకకు దూరంగా, కుంటకు పైన, పునాది చుట్టుపక్కల నేల కంటే కనీసం రెండడుగులు ఎత్తు. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు తిరగాలి. పడమటి గోడకు కిటికీలు వద్దు, అటు పశువుల పాకో, పందిరో వేస్తే ఎండ గోడను తాకదు. రాతి గోడ ఒకటిన్నర అడుగు మందం. స్లాబు వేసినా దాని మీద ఏటా మార్చిలో సున్నం రెండు పూతలు వేయండి. లోపల తేడా చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మట్టి మిద్దె చల్లగా ఉంటుంది, కానీ చౌడు మట్టి ఏటేటా వేయాలి, ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. మీ ఊళ్లో ఒక్కరైనా ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పన్నెండు గంటలు తిరిగితే యూనిట్నర, దీపాలు, ఫోన్లు, చిన్న ఫ్రిజ్ కలిపినా మూడు దాటదు. కరెంటు లైను పూర్తిగా తీసేసుకోవడం గొప్పేమీ కాదు, బ్యాటరీల ఖర్చు తడిసి మోపెడవుతుంది. లైను ఉంచుకుని, రాత్రి ఫ్యాన్లకు సరిపడా బ్యాటరీ పెట్టుకోండి. మే నెలలో వడగాడ్పుల రాత్రి కరెంటు పోతే ఇంట్లో పెద్దవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది, బ్యాటరీ ఉండాల్సింది అందుకే. కుంటలోంచి నీళ్లు ఎత్తడానికి ఒక హెచ్‌పీ సోలార్ మోటారు చాలు.

డబ్బు, ఊరు

ఉప్పు, బట్టలు, బడి ఫీజులు, ఆసుపత్రి, పెట్రోలు పొలంలో పండవు. నెలకు ఎంత నగదు కావాలో రాసుకుని, రెండేళ్ల ఖర్చు చేతిలో ఉంచుకునే ఉద్యోగం వదలండి. లేదా ఇంట్లో ఒకరి జీతం ఆగకూడదు. పొలం ఆదాయం మొదటి మూడేళ్లు సున్నా అనుకోండి.

కోతలకు, విత్తుకు నలుగురు చాలరు. ఒకరి పనికి ఒకరు వెళ్లే ముయ్యాళ్ల పద్ధతి కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. మీరు వాళ్ల పనికి వెళ్తేనే వాళ్లు మీ పనికి వస్తారు. మీ కందకాలు నిండి పొర్లిన నీళ్లు ఎవరి చేలోకి పోతాయో వాళ్లతో తవ్వకముందే మాట్లాడండి. సగం గొడవలు అక్కడే పుడతాయి.

ఏ ఏడు ఏ పని

మొదటి ఏడు: ఎండాకాలంలో ఏ-ఫ్రేమ్, కందకాలు, కంచె. తొలకరికి కంచె మొక్కలు, గట్ల చెట్లు. సగం పొలంలో నవధాన్యాలు, మిగతా సగంలో ఉలవ. నేల మీద వాన కొలిచే గాజు గొట్టం పెట్టి, ప్రతి వాన కొలిచి డైరీలో రాయాలి.

రెండో ఏడు: మొదటి ఏటి నీళ్ల దారి చూశాక కుంట. పండ్ల చెట్లు. ధాన్యం, వేరుశనగ చిన్న మోతాదుల్లో. కోళ్లు.

మూడో ఏడు: ఇల్లు, సంపు. వామి నిండితే ఆవు. నాలుగో ఏడుకు గాని తిండి లెక్క ఒక దారికి రాదు.

ఏప్రిల్ పరీక్ష

ఇల్లు కట్టుకుని చేరాక, ఏటా ఏప్రిల్ చివర ఒక వారం పెట్టుకోండి. ఆ ఏడు రోజులు బోరు స్విచ్ ముట్టొద్దు, ట్యాంకర్ వద్దు, ఉప్పు తప్ప అంగడి సరుకు ఏదీ వద్దు. మేత కూడా కొనొద్దు. కుంట గోడకు అడుగులు, అంగుళాలు రాసిన కర్ర ఒకటి షీటు చిరగకుండా నిలబెట్టి, వారం మొదట్లో ఎంత ఉందో, చివర ఎంత దిగిందో చూడండి. జూన్ మధ్య దాకా అదే లెక్కన దిగితే అడుగు తేలుతుందా? వామిలో ఎన్ని మోపులు తగ్గాయి? గరిసెలో గింజలు ఇంకెన్ని వారాలకు వస్తాయి? ఏ పూట ఏ కూర లేక ఇబ్బందైంది? తేలిన లోటును బట్టి ఆ ఏటి పని మారుతుంది. నీళ్లు తక్కువైతే షేడ్‌నెట్ కొనడం, మేత తక్కువైతే ఒక ఆవును జూన్‌కు ముందే, ధర ఉండగానే అమ్మేయడం, గింజలు తక్కువైతే వేరుశనగ అరవై సెంట్లలో ఇరవై కొర్రకు మార్చడం. ఈ నిర్ణయాలు మేలో జరిగిపోవాలి, తొలకరి పడ్డాక ఎవరికీ తీరిక ఉండదు.